చేతిలో 'నరం' తెగిందంటే ఏది తెగినట్టు?

"నరం తెగింది" అని మన ఇళ్ళలో తేలిగ్గా అనేస్తాం. ఉర్దూలో అయితే "నస్ కట్ గయీ". చిక్కేమిటంటే, తెలుగులో నరం, ఉర్దూలో నస్, రెండూ మూడు వేర్వేరు వాటికి వాడే మాటలే. ఒకటి రక్తం పారే గొట్టం, అంటే ధమని లేదా సిర. రెండోది స్పర్శను, మెదడు ఆజ్ఞను మోసే నాడి. మూడోది కండను ఎముకకు కట్టే తాడు లాంటి స్నాయువు, డాక్టర్లు టెండన్ అనేది దీన్నే. ఏది తెగిందనే దాన్నిబట్టే వైద్యం ఉంటుంది. రక్తం ఆగింది కదా అని పైన కుట్లు వేయించుకుని వచ్చేస్తే, లోపల తెగిన టెండన్ అలాగే ఉండిపోవచ్చు.

చేతిలో 27 ఎముకలున్నాయి. మణికట్టులో 8, అరచేతిలో 5, వేళ్ళలో 14. వేళ్ళను వంచే, చాపే కండలు మాత్రం వేళ్ళలో లేవు. పిడికిలి బిగించే బలం చాలావరకు ముంజేతిది. ఎడమ ముంజేతిని కుడిచేత్తో పట్టుకుని ఎడమ వేళ్ళు ఆడించి చూడండి, కదలిక చేతికి తెలుస్తుంది. అక్కడి కండల నుంచి టెండన్లు మణికట్టు దాటి వేళ్ళ చివరిదాకా వెళ్తాయి. సూదిలో దారం ఎక్కించడం, గుండీ పెట్టుకోవడం లాంటి నాజూకు పనులకు అరచేతిలోని చిన్న కండలు కావాలి.

చేతిని నడిపే నాడులు మూడు: మీడియన్, అల్నార్, రేడియల్. అరచేతి వైపు బొటనవేలు, చూపుడు వేలు, మధ్యవేలు, ఉంగరపు వేలిలో సగం మీడియన్ వాటా. మిగిలిన సగం, చిటికెన వేలు అల్నార్‌వి. ఒక వేలిని అన్నదమ్ముల గోడలా ఇద్దరూ పంచుకోవడం విచిత్రమే గానీ, డాక్టర్లకు ఈ సరిహద్దు చాలా పనికొస్తుంది. చేతి వెనక బొటనవేలి వైపు స్పర్శ రేడియల్‌ది. మణికట్టును, వేళ్ళను పైకి లేపేదీ అదే.

చిన్నపిల్లలకు దెబ్బ తగిలినప్పుడు డాక్టర్లు ఆటలాగా మూడు పనులు చేయిస్తారు. బొటనవేలు పైకెత్తితే రేడియల్ పనిచేస్తున్నట్టు. బొటనవేలు, చూపుడు వేలు కొసలు కలిపి సున్నా చుడితే మీడియన్. వేళ్ళు విసనకర్రలా వెడల్పు చేస్తే అల్నార్.

మన ఇళ్ళలో ఎక్కువగా కనిపించేది మీడియన్ బాధ. మణికట్టు దగ్గర ఎముకలకు, ఒక గట్టి పట్టీకి మధ్య ఇరుకు సొరంగం ఉంటుంది. 9 టెండన్లు, వాటితోపాటు మీడియన్ నాడి అందులోంచే పోవాలి. లోపల కాస్త వాపు వచ్చినా ముందు నలిగేది నాడే. దీన్ని కార్పల్ టనెల్ సిండ్రోమ్ అంటారు. మగవాళ్ళకంటే ఆడవాళ్ళలో ఎక్కువ. షుగర్, థైరాయిడ్ తగ్గడం, కీళ్ళవాతం, గర్భం కూడా కారణాలు కావచ్చు. మణికట్టు వంచి గంటల తరబడి మగ్గం వర్క్, కుట్టుపని చేసేవాళ్ళకు బాధ పెరుగుతుంది.

దీని గుర్తులు తేలికే. అర్ధరాత్రి చెయ్యి తిమ్మిరెక్కి మెలకువ వస్తుంది, చెయ్యి విదిలిస్తే కాస్త నయమనిపిస్తుంది. చిటికెన వేలు మాత్రం బాగానే ఉంటుంది. "షుగర్ ఉంది కదా, తిమ్మిర్లు మామూలే" అని అమ్మీ సర్దుకుపోతుంటే, ఏ వేళ్ళకు తిమ్మిరి అని ఒకసారి అడగండి. మొదట్లో రాత్రిపూట మణికట్టు వంగకుండా పట్టీ కట్టుకుంటే చాలామందికి తగ్గుతుంది. తగ్గకపోతే ఇంజెక్షన్, ఆ తర్వాత చిన్న ఆపరేషన్. బొటనవేలి కింద ఉబ్బెత్తు కండ చదునైపోయేదాకా ఆగితే మాత్రం పోయిన బలం పూర్తిగా రాకపోవచ్చు.

అల్నార్ నాడి మోచేతి వెనక చర్మం కిందే ఉంటుంది. అక్కడ తగిలితే కరెంటు కొట్టినట్టుండేది అందుకే. కుష్ఠు వ్యాధి తరచూ దెబ్బతీసే నాడుల్లో ఇదొకటి. చర్మం మీద స్పర్శ లేని మచ్చ, చిటికెన వేలు మొద్దుబారడం, వేళ్ళు ముడుచుకుపోవడం కనిపిస్తే సిగ్గుపడి దాచొద్దు. ప్రభుత్వ ఆస్పత్రుల్లో మందులు ఉచితం.

రక్తం సంగతికొస్తే, మణికట్టు నుంచి రెండు ధమనులు, రేడియల్, అల్నార్, అరచేతిలోకి వచ్చి రెండు తోరణాల్లా కలుస్తాయి. అందుకే ఒకటి మూసుకుపోయినా చాలామందిలో రెండోది చేతిని కాపాడుతుంది. 1929లో అమెరికన్ డాక్టర్ ఎడ్గర్ అలెన్ చెప్పిన పరీక్ష దీన్నే చూస్తుంది. పిడికిలి బిగించి రెండు ధమనులూ నొక్కి, చెయ్యి తెరిచాక ఒకటి వదిలితే, పాలిపోయిన అరచెయ్యి కొన్ని సెకన్లలో ఎర్రబడాలి. డయాలసిస్ కోసం మణికట్టు దగ్గర ఫిస్టులా వేసిన చేతికి బీపీ చూడనివ్వకండి, రక్తం తీయనివ్వకండి.

బక్రీద్ రోజు కత్తి జారితే ఏం చేయాలి? శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమి, చెయ్యి పైకెత్తి ఉంచండి. వాపు రాకముందే ఉంగరాలు, గాజులు తీసేయండి. కాఫీ పొడి, పసుపు వద్దు, తాడు బిగించడం అసలే వద్దు. వేలి కొస వంగకపోతే టెండన్, వేలికి ఒక పక్క స్పర్శ లేకపోతే నాడి, వేలు తెల్లబడి చల్లబడితే ధమని తెగిందని అనుమానించాలి. అరచేతి మధ్య గీత నుంచి వేలి నడిమి దాకా ఉన్న చోట రెండేసి టెండన్లు ఒకే ఇరుకు గొట్టంలో జారుతుంటాయి. అక్కడి గాయాన్ని చేతి సర్జనే చూడాలి, అదీ త్వరగా. తెగి ఊడిన వేలిని తడి గాజుగుడ్డలో చుట్టి, ప్లాస్టిక్ సంచిలో మూసి, ఆ సంచిని ఐసు నీళ్ళలో పెట్టి తీసుకెళ్ళండి. ఐసు వేలికి నేరుగా తగలకూడదు. టీటీ ఇంజెక్షన్ సంగతి అడగండి.

కుట్టిన నాడి రోజుకు సుమారు ఒక మిల్లీమీటరు చొప్పున పెరుగుతుంది. మణికట్టు నుంచి వేలికొసకు 18 సెంటీమీటర్లు అనుకుంటే, లెక్క ఆరు నెలలు తేలుతుంది. అప్పటిదాకా ఆ వేళ్ళకు వేడి తెలియదు కాబట్టి, పొయ్యి మీద గిన్నె దించేటప్పుడు మరో చేత్తో తాకి చూసుకోవాలి.