తెరచాప నౌకకు డీజిల్ యంత్రం: ‘ఫ్రామ్’ యంత్రమార్పిడి (1909-1910) – చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:

దక్షిణధ్రువాన్ని తొలిసారి చేరిన నార్వే బృందాన్ని అంటార్కిటికా తీరానికి చేర్చిన నౌక ‘ఫ్రామ్’. ఆ ప్రయాణానికి ముందు అందులోని ఆవిరియంత్రాన్ని తొలగించి, డీజిల్ యంత్రాన్ని అమర్చారు. పాతదానికంటే తక్కువ అశ్వశక్తిగల యంత్రాన్ని ఎందుకు ఎంచుకున్నారు? ఆ ఎంపిక ఏ యాత్రకోసం జరిగింది, ఏ యాత్రలో పరీక్షకు నిలిచింది? ఈ ప్రశ్నలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. తెరచాప నౌకలో యంత్రం విలువను అది పనిచేసే గంటలకంటే పనిచేయని గంటలే నిర్ణయిస్తాయన్నది ఇందులోని ప్రతిపాదన.

కీలకపదాలు: తెరచాప నౌక, సహాయకయంత్రం, డీజిల్, ఫ్రామ్, అముండ్‌సెన్, ధ్రువయాత్రలు.

1. ఉపోద్ఘాతం:

ధ్రువయాత్రల చరిత్రను రాసినవారు ఎక్కువగా కుక్కలు, గుర్రాలు, స్కీలు, ఆహారపు నిల్వలు, నాయకుల స్వభావాల గురించి చర్చించారు. మనుషులను, కుక్కలను, సరుకులను మంచుతీరానికి చేర్చిన నౌకల యంత్రాలకు ఆ చర్చలో దక్కిన చోటు స్వల్పం. అయితే నౌక సకాలంలో తీరం చేరకపోతే మిగిలిన సన్నాహాలన్నీ వ్యర్థమే.

ఇరవయ్యో శతాబ్ది తొలి దశాబ్దంలో సముద్రయానం ఒక సంధిదశలో ఉంది. తెరచాప పూర్తిగా వెనుకబడలేదు. ఆవిరి రాజ్యమేలుతోంది. నూనెతో నడిచే యంత్రం అప్పుడప్పుడే సముద్రంమీదికి వస్తోంది. ఈ మూడింటిమధ్య ఎంపిక చేయవలసివచ్చిన నౌకల్లో ‘ఫ్రామ్’ ముఖ్యమైనది.

2. ‘ఫ్రామ్’ – పాత యంత్రం:

ఫ్రిడ్‌ట్యోఫ్ నాన్సెన్ కోరికమేరకు నౌకాశిల్పి కోలిన్ ఆర్చర్ ‘ఫ్రామ్’ను రూపొందించాడు. ఇది 1892లో నార్వేలోని లార్విక్ వద్ద జలప్రవేశం చేసింది. పొడవు 39 మీటర్లు, వెడల్పు 11 మీటర్లు. మూడు కొయ్యల తెరచాప నౌక. చుట్టూ మంచు బిగుసుకున్నప్పుడు నలిగిపోకుండా పైకి జారేలా దాని అడుగుభాగాన్ని గుండ్రంగా మలిచారు. చుక్కానిని, ప్రొపెల్లర్‌ను నౌకలోనికి పైకి లాగుకొనే ఏర్పాటు కూడా ఉంది. మంచు తాకిడికి మొదట దెబ్బతినేవి ఆ రెండే.

అందులో 220 అశ్వశక్తుల ఆవిరియంత్రం ఉండేది. 1893-1896లో నాన్సెన్ ఉత్తర మహాసముద్రపు మంచుతోపాటు కొట్టుకుపోతూ ప్రయాణించాడు. మంచులో చిక్కిన తరువాత ఆ యంత్రంతో పనిలేకపోయింది. దానిని విప్పి భద్రపరిచారు. దీపాలకు కావలసిన విద్యుత్తు గాలిమరద్వారా లభించింది. అంటే ‘ఫ్రామ్’ తొలియాత్రలో అధికకాలం బాయిలరు, యంత్రం, బొగ్గు అన్నీ మోతబరువులే. 1898-1902లో ఒట్టో స్వెర్‌డ్రుప్ నాయకత్వంలో రెండోయాత్ర ముగిశాక నౌక కొన్నేళ్లు ఖాళీగా ఉండిపోయింది.

3. ‘యోవా’ అనుభవం:

రోఆల్డ్ అముండ్‌సెన్‌కు నూనెయంత్రం కొత్త కాదు. 1903-1906లో అతడు వాయవ్యమార్గాన్ని దాటిన ‘యోవా’ ఒకప్పటి హెర్రింగ్ చేపల వేటపడవ. అది 47 టన్నుల చిన్న నౌక. అముండ్‌సెన్‌తో కలిపి అందులో ఉన్నది ఏడుగురే. ఆ పడవలో 13 అశ్వశక్తుల కిరోసిన్ యంత్రం ఉండేది. తెరచాపే ప్రధానం, గాలి పడిపోయినప్పుడు, ఇరుకుదారుల్లో యంత్రం ఆదుకొనేది. బాయిలరు లేనందున స్థలం మిగిలింది. నిప్పు రాజేసేవారు లేనందున మనుషులూ తగ్గారు. ఏడుగురితో ఏళ్లతరబడి సాగిన ఆ యాత్రకు ఈ రెండూ అవసరాలే.

‘ఫ్రామ్’ ఎంపికను ఈ అనుభవం వెలుగులో చూడాలి. చిన్నపడవలో చూసిన సౌలభ్యాన్ని అతడు పెద్దనౌకకు వర్తింపజేశాడు.

4. 1909 నాటికి డీజిల్ యంత్రం స్థితి:

రుడాల్ఫ్ డీజిల్ రూపొందించిన యంత్రం 1897లో జర్మనీలోని అవుగ్స్‌బుర్గ్‌లో సఫలమైంది. గాలిని గట్టిగా అదిమినప్పుడు పుట్టే వేడితోనే నూనె మండటం దాని మూలసూత్రం. నిప్పురవ్వ అక్కరలేదు, బాయిలరు అక్కరలేదు. అయితే నేలమీద విజయవంతమైన యంత్రం నీటిమీదా అలాగే పనికివస్తుందని చెప్పలేం. నౌక ముందుకే కాదు, వెనక్కీ కదలాలి. తొలినాటి డీజిల్ యంత్రాలు ఒకే దిశలో తిరిగేవి. 1903లో రష్యా నదీమార్గాలకోసం నోబెల్ సోదరుల సంస్థ నడిపిన ‘వాండల్’ నౌకలో ఈ ఇబ్బందిని దాటటానికి డీజిల్ యంత్రాలతో విద్యుత్తును పుట్టించి, ఆ విద్యుత్తుతో ప్రొపెల్లర్లను తిప్పారు.

1898లో స్టాక్‌హోమ్‌లో ఏర్పడిన డీజిల్ యంత్రాల సంస్థ ఈ సమస్యకు సూటి పరిష్కారం చూపింది. ఆ సంస్థ ఇంజనీరు యోనాస్ హెసెల్‌మాన్ కృషితో, తనంత తానే వెనక్కి తిరగగల నౌకాయంత్రం తయారైంది. ‘ఫ్రామ్’కోసం ఎంపికైనది ఈ సంస్థ నిర్మించిన 180 అశ్వశక్తుల యంత్రమే. పెద్ద సముద్రనౌకల్లో డీజిల్‌కు పేరు తెచ్చిన డెన్మార్క్ నౌక ‘సెలాండియా’ తొలియాత్ర 1912లో గాని జరగలేదు. కనుక 1909లో డీజిల్‌ను ఎంచుకోవటం సాహసమే.

5. ఎంపికకు కారణాలు:

5.1. ఎంపిక వెనుక ఉన్న యాత్ర: నార్వే పార్లమెంటు 1909 ఫిబ్రవరిలో ‘ఫ్రామ్’ మరమ్మతులకు 75,000 క్రోనర్లు మంజూరు చేసింది. హోర్టెన్ నౌకాదళ కర్మాగారంలో పనులు సాగాయి. అప్పటికి ప్రకటించిన గమ్యం దక్షిణధ్రువం కాదు. నాన్సెన్ మాదిరిగా ఉత్తర మహాసముద్రపు మంచులో ఏళ్లతరబడి కొట్టుకుపోతూ పరిశోధన చేయటం లక్ష్యం. అటువంటి నౌకలో యంత్రం నెలలు, సంవత్సరాలు ఊరకే ఉంటుంది. మంచు విడిపోయిన మరుక్షణం పనిలోకి దిగాలి.

5.2. ఊరకున్నప్పటి ఖర్చు: ఆవిరియంత్రం కదలకున్నా బొగ్గు తింటుంది. నిప్పును ఆర్పితే బాయిలరును మళ్లీ వేడిచేయటానికి గంటలు పడుతుంది. ఆర్పకుండా నివురుగప్పి ఉంచితే రోజూ బొగ్గు తరుగుతుంది. డీజిల్ యంత్రం ఆగినప్పుడు చుక్క నూనె ఖర్చు కాదు. కోరినప్పుడు కొద్ది నిమిషాల్లోనే నడుస్తుంది.

5.3. ఇంధనం: ఆనాటి డీజిల్ యంత్రాలు గంటకు ఒక్కో అశ్వశక్తికి సుమారు 200 నుంచి 220 గ్రాముల నూనెను వాడేవి. ఈ లెక్కన 180 అశ్వశక్తుల యంత్రం గంటకు దాదాపు 40 కిలోలు వాడుతుంది. ‘ఫ్రామ్’లో నింపుకొన్న నూనె సుమారు 90 టన్నులు. అంటే యంత్రం ఆగకుండా పూర్తిశక్తితో 90 రోజులకు పైగా నడవగలదు. తెరచాప తోడున్న నౌకకు అది నెలల ప్రయాణానికి సరిపోయే నిల్వ.

5.4. మనుషులు: ఆవిరికి ఇంజనీర్లతోపాటు బొగ్గు వేసేవారు ఉండాలి. వారందరికీ ఏళ్లకు సరిపడా తిండి, పడక సమకూర్చాలి. డీజిల్ యంత్రం దగ్గర పూటకు ఒక్కరుంటే చాలు.

ఈ నాలుగు అంశాలనూ కలిపి చూస్తే 220 నుంచి 180కి అశ్వశక్తిని తగ్గించుకోవటంలోని తర్కం బోధపడుతుంది. వేగం తెరచాపలు ఇచ్చేది. యంత్రంనుంచి కోరింది వేగం కాదు; సిద్ధంగా ఉండటం.

6. కొత్త ఆధారం – కొత్త చిక్కు:

ఈ ఎంపికలో లాభమేకాక ప్రమాదమూ ఉంది. ఆవిరియంత్రాన్ని బాగుచేయగల నావికులు ప్రతి రేవులోనూ దొరికేవారు. డీజిల్ తెలిసినవారు అరుదు. 1910 వేసవిలో ఉత్తర అట్లాంటిక్‌లో జరిపిన ప్రయోగయాత్ర తరువాత బెర్గెన్ రేవులో యంత్రాన్ని సమగ్రంగా సరిచేయవలసివచ్చింది. దాని నిర్మాణం తెలిసిన స్వీడన్ దేశస్థుడు క్నూట్ సుండ్‌బెక్ ఇంజనీరుగా నౌకలో చేరాడు. యంత్రాన్ని ఎంచుకోవటమంటే దాన్ని ఎరిగిన మనిషినీ ఎంచుకోవటమేనని ఈ నియామకం తెలుపుతుంది. మంచుసముద్రంలో యంత్రం మొరాయిస్తే దిక్కు ఆ ఒక్కడే.

7. దక్షిణసముద్రంలో పరీక్ష:

ఉత్తరధ్రువాన్ని చేరినట్లు కుక్, పియరీ ఇద్దరూ చెప్పుకొన్న వార్తలు 1909 సెప్టెంబరులో వెలువడ్డాయి. అముండ్‌సెన్ రహస్యంగా గమ్యాన్ని మార్చుకున్నాడు. 1910 సెప్టెంబరు 9న మదీరా దీవిలో ఆ సంగతిని నావికులకు వెల్లడించాడు. ఉత్తరపు మంచుకోసం ఎంచిన యంత్రం దక్షిణానికి బయలుదేరింది. నాలుగు నెలలకు పైగా మరే రేవులోనూ ఆగకుండా, అధికభాగం తెరచాపలమీదనే సాగి, ‘ఫ్రామ్’ 1911 జనవరి 14న తిమింగలాల అఖాతం చేరింది. తేలే మంచును దాటటానికి దానికి పట్టింది నాలుగు రోజులు.

అదే కాలంలో రాబర్ట్ స్కాట్ నౌక ‘టెర్రా నోవా’ ఆవిరితో నడిచింది. బొగ్గు బస్తాలను పైతట్టుమీద కూడా పేర్చారు. 1910 డిసెంబరు తొలినాళ్ల తుపానులో బొగ్గుపొడి, నూనె కలిసిన ముద్దలు పంపులకు అడ్డుపడగా, నావికులు బకెట్లతో నీరు తోడిపోశారు. ఆ తరువాత నౌక సుమారు 20 రోజులు మంచులో చిక్కుకుంది. నిప్పును ఆర్పితే మళ్లీ రాజేయటానికి రెండు టన్నులకు పైగా బొగ్గు దండుగ; ఆర్పకపోతే రోజూ నష్టం. స్కాట్ దినచర్యలో ఈ మథనం స్పష్టంగా కనిపిస్తుంది. ఆ నౌకను చివరకు విడిపించినవి మంచు కదలికలే అయినా, ఎదురుచూసిన ప్రతిరోజుకూ బొగ్గుతో మూల్యం చెల్లించవలసివచ్చింది.

అయితే ఈ తేడానంతా యంత్రానికే ఆపాదించటం సరికాదు. ‘టెర్రా నోవా’ డిసెంబరులోను, ‘ఫ్రామ్’ జనవరిలోను మంచులో ప్రవేశించాయి. దారులు వేరు, మంచు స్థితీ వేరు. ఎదురుచూడవలసివస్తే ఏ నౌక ఎంత నష్టపోతుందన్న విషయంలో మాత్రం ఆ రెండింటికీ నడుమ ఉన్న భేదం యంత్రానిదే.

డీజిల్ ప్రయోజనం మరొకచోట ఇంకా స్పష్టంగా వెల్లడైంది. నౌకలో వచ్చిన 19 మందిలో తొమ్మిదిమంది తీరంలో దిగిపోయారు. 1911 ఫిబ్రవరిలో మిగిలిన పదిమందే నిల్సెన్ నాయకత్వంలో నౌకను బ్యూనస్ ఎయిర్స్‌కు నడిపారు. దక్షిణ అట్లాంటిక్‌లో సముద్రపరిశోధన జరిపారు. 1912 జనవరిలో మంచుతీరానికి తిరిగివచ్చి, ధ్రువాన్ని చేరిన సహచరులను ఎక్కించుకున్నారు. బొగ్గు వేయటానికి వేరే మనుషులు కావలసివుంటే ఆ పదిమందితో ఇంతపని సాగటం కష్టమే.

8. ముగింపు:

- ‘ఫ్రామ్’ యంత్రమార్పిడి శక్తిని పెంచుకోవటానికి జరిగింది కాదు. అశ్వశక్తి తగ్గినా స్థలం, మనుషులు, ఇంధనం మిగిలాయి.
- పనిచేయని వేళ ఖర్చులేకపోవటం, పిలిచిన వెంటనే పలకటం – తెరచాప నౌకకు తగిన యంత్రం లక్షణాలు ఇవేనని ఈ ఎంపిక రుజువుచేసింది.
- ఉత్తరపు మంచుకోసం ఎంచిన యంత్రం దక్షిణయాత్రలోనూ నిలిచింది. గాలి ఎప్పుడు పడిపోతుందో, మంచు ఎప్పుడు విడిపోతుందో ముందుగా తెలియనిచోట సిద్ధంగా ఉండటమే ప్రధానం గనుక ఇది సాధ్యమైంది.
- యంత్రంతోపాటు దాన్ని బాగుచేయగల మనిషినీ చూసుకోవలసిన అవసరాన్ని సుండ్‌బెక్ నియామకం సూచిస్తుంది.

ఈ యాత్ర తెచ్చిన ఖ్యాతితోనే స్టాక్‌హోమ్ సంస్థ నౌకాయంత్రాలకు ‘పోలార్’ అనే పేరు స్థిరపడింది. ‘ఫ్రామ్’ నేడు ఓస్లో ప్రదర్శనశాలలో ఉంది. తెరచాప పడవలో దూరప్రయాణం చేసేవారు పాతయంత్రం తీసి కొత్తది పెట్టించుకోదలచినప్పుడు ఇప్పటికీ అవే ప్రశ్నలు ఎదురవుతాయి: ఎంత చోటు, ఎంత బరువు, ఎంత నూనె, చెడితే బాగుచేసేదెవరు? ఎన్ని అశ్వశక్తులన్న ప్రశ్నకు ముందే ‘ఫ్రామ్’ చరిత్ర వీటిని నిలుపుతుంది.