మిరియం నుంచి మిరప దాకా: మన వంటింటి పేర్ల చరిత్ర

ఇంజనీరును కాబట్టి ఈ స్వర్ణోత్సవ సంచికకు ఏ కాలువల గురించో వంతెనల గురించో రాస్తానని సంఘం మిత్రులు అనుకుని ఉంటారు. నేను మాత్రం మన తిండి పేర్ల గురించి రాస్తున్నాను. మా వృత్తిలో ఒక వస్తువుకు ఒకే పేరు ఉండాలి. డ్రాయింగులో ఒక పేరు, బిల్లులో ఇంకో పేరు ఉంటే పని ఆగిపోతుంది. వంటింట్లో అలా కాదు. అక్కడ ఒకే వస్తువుకు నాలుగు పేర్లున్నాయంటే, వాటి వెనుక నాలుగు ప్రాంతాల చరిత్ర ఉన్నట్టు.

గుంటూరు అనగానే ఎవరికైనా గుర్తొచ్చేది మిరపకాయ. కానీ దాని పుట్టిల్లు అమెరికా ఖండం. 1498లో వాస్కోడగామా కేరళ తీరానికి చేరిన తర్వాతి కాలంలో పోర్చుగీసుల ఓడల మీద మన దేశానికి వచ్చింది. అంతకుముందు మన వంటలో ఘాటుకు మిరియాలూ పిప్పళ్లూ అల్లమే దిక్కు. కొత్త కాయ వచ్చాక మనవాళ్లు కొత్త పేరు వెతుక్కోలేదు. మిరియంలా మండుతుంది గనక మిరపకాయ అన్నారు. తమిళులు మిళగు నుంచి మిళగాయ్ అనీ, కన్నడిగులు మెణసు నుంచి మెణసినకాయి అనీ ఇదే దారిలో పేర్లు పెట్టుకున్నారు. ఇంగ్లీషువాళ్లు నేటికీ రెంటినీ పెప్పర్ అనే అంటారు.

'కారం' కథ కూడా ఇలాంటిదే. సంస్కృతంలో క్షారం అంటే ఉప్పు, చవుడు వంటి పదార్థం. ఆ మాట మన నోట కారమై, ఒక రుచికి పేరై, చివరికి మిరపపొడికే పేరుగా స్థిరపడింది. దాని పిల్లలు ఎన్నో: నల్లకారం, వెల్లుల్లి కారం, పండుమిరపకాయలతో నూరే కొరివికారం. అన్నిటికన్నా బరువైన మాట గొడ్డుకారం. పప్పూ కూరా లేని ఇంట్లో ఉత్త కారం కలుపుకుని తిన్న అన్నం అందులో ఉంది. "గొడ్డుకారంతో పెంచాం" అని ఒక తల్లి అన్నదంటే ఇంకేమీ చెప్పనక్కర్లేదు.

పొలం నుంచి యార్డు దాకా కూడా మాటలే. రంగు పోయి తెల్లబారిన కాయ తాలు. యార్డులో బస్తా పేరు టిక్కీ. రకాల పేర్లలో సన్నం అనేది కాయ రూపాన్ని చెబుతుంది. బాడిగ అనేది కర్ణాటకలోని బ్యాడగి ఊరిని చెబుతుంది. లాం ఫారం నుంచి వచ్చిన 334 ఉత్త అంకె. రూపం, ఊరు, అంకె: పరిశోధనా కేంద్రాలు వచ్చాక పేరు పెట్టే పద్ధతి ఎలా మారిందో ఈ మూడు పేర్లే చెబుతాయి.

గోంగూర సంగతి చూడండి. గోగు మొక్క ఆకుకూర గనక గోగుకూర, అదే గోంగూర. నారకూ కూరకూ ఒకటే మొక్క. రాయలసీమ వైపు గోగాకు అంటారు. తెలంగాణలో పుంటికూర. కన్నడంలో పుండి సొప్పు అంటారు కాబట్టి పుంటికి చుట్టాలు అటువైపు ఉన్నారన్నమాట.

ప్రకాశం జిల్లా మిత్రులకు ఈ వైవిధ్యం ఇంట్లోనే ఉంది. గుంటూరు, నెల్లూరు, కర్నూలు జిల్లాల నుంచి కొంత కొంత తీసి 1970 ఫిబ్రవరి 2న ఒంగోలు జిల్లా చేశారు. 1972లో దానికి ప్రకాశం పేరు పెట్టారు. అందుకే మన తరగతిలో మధ్యాహ్నం కారియర్లు విప్పితే అద్దంకి వైపు పిల్లలు బొబ్బట్టు అన్నదాన్ని గిద్దలూరు వైపు పిల్లలు ఓళిగ అనేవారు. ఒకరిది తిరగమోత, ఇంకొకరిది తాళింపు, మరొకరిది పోపు. పేరు మీద పోట్లాడుకుని, తినేటప్పుడు మాత్రం పంచుకునేవాళ్లం. 2022 ఏప్రిల్ 4న బాపట్ల, పల్నాడు జిల్లాలు ఏర్పడ్డాయి, కందుకూరు తిరిగి నెల్లూరులో కలిసింది. కాగితం మీద గీతలు మారాయి గానీ, మాటలు ఇంకా పాత సరిహద్దుల్లోనే ఉన్నాయి.

మాటలను నిజంగా మార్చింది నీళ్లు. 1967లో నాగార్జునసాగర్ కాలువలకు నీరు వదిలారు. కుడి కాలువ కింద మెట్ట మాగాణి అయింది. అంతకుముందు పలనాడు అంటే జొన్నకూడే. శ్రీనాథుడిదిగా చెప్పుకునే చాటువులో కూడా ఆయన ఫిర్యాదు అదే. జొన్నసంకటి, వరిగకూడు, కొర్రన్నం పక్కకు జరిగి వరి అన్నం కంచంలోకి వచ్చింది. కడుపు నిండింది, సంతోషమే. కానీ కూడు అనే అచ్చతెలుగు మాట పేదరికానికి గుర్తయి, మర్యాద పోగొట్టుకుంది. "కూటి కోసం కోటి విద్యలు" అనే సామెతలో మాత్రం తలదాచుకుంటోంది. పంట పోతే దాన్ని దంచిన, విసిరిన, వండిన మాటలన్నీ వెంట పోతాయి.

ఇది మన ఒక్కరి కథ కాదు. ఇంగ్లండులో స్వీడ్ అనే దుంపను స్కాట్లండు వాళ్లు నీప్ అంటారు, బంగాళాదుంపను టాటీ అంటారు. మనకూ అంతే: కోస్తాలో బంగాళాదుంప, తెలంగాణలో ఆలుగడ్డ, రాయలసీమలో ఉర్లగడ్డ. అయితే వాళ్లు తమ మాటలను ఊరికే వదల్లేదు. స్కాట్ భాషకు పది సంపుటాల నిఘంటువు వేసుకున్నారు. 1931లో మొదలైన ఆ పని 1976లో ముగిసింది.

మనకూ అలాంటి పెద్దలున్నారు. 1928లో ఒంగోలులో పుట్టిన భద్రిరాజు కృష్ణమూర్తిగారు ఊరూరా రైతుల నోటి మాటలు సేకరింపజేసి, 1962లో మాండలిక వృత్తి పదకోశంలో వ్యవసాయ పదాల సంపుటి తెచ్చారు. తర్వాత చేనేత సంపుటి వచ్చింది. నాగలికీ మగ్గానికీ దక్కిన ఆ గౌరవం పొయ్యికీ రోటికీ దక్కాలి.

అందుకే మన సంఘానికి ఒక మనవి. స్వర్ణోత్సవ గుర్తుగా శిలాఫలకంతో పాటు ఒక పుస్తకం కూడా పెట్టుకుందాం. ప్రతి ఒక్కరం మన ఇంట్లోని అమ్మనో అమ్మమ్మనో నాయనమ్మనో కూర్చోబెట్టి పది మాటలు రాసుకుందాం: వంటకం పేరు, ఊరు, చేసే తీరు. తెలుగు మాస్టార్లు దిద్దితే, అచ్చు పని మేం చూసుకుంటాం. చెప్పేవాళ్లకు ఎనభై దాటాయి. ఈ పనికి మరో యాభై ఏళ్లు ఆగే వీలు లేదు.