గాలివాన తర్వాత ఇళ్లు లేపిన చేతులు

మా గోదావరి డెల్టాలో పెద్దవాళ్లు వయసుల్ని గాలివానలతో లెక్కపెట్టేవారు. "అరవై తొమ్మిది గాలివానకి వీడు చంకలో పిల్లాడు" అని మా అమ్మ నా గురించి చెప్పేది. ఆ లెక్కల్లో పోయిన మనుషులుంటారు, కొట్టుకుపోయిన గొడ్లుంటాయి. పడిపోయిన ఇంటిని మళ్లీ లేపింది ఎవరన్న మాట మాత్రం తక్కువగా వినిపిస్తుంది. నరసాపురం వైపు ఒక క్రైస్తవ సంఘంలో పెరిగిన బడిపంతులుగా ఆ చరిత్ర కొంతైనా చెప్పాలని ఇది రాస్తున్నాను.

ఈ తీరానికి సముద్రం భయం పాతది. 1789లో ఉప్పెన కోరంగిని ముంచింది. 1839 నవంబరులో మళ్లీ వచ్చి ఆ రేవు పట్టణాన్ని తుడిచిపెట్టింది. ఓడలు కట్టిన ఊరు ఆ దెబ్బతో చిన్న పల్లెగా మిగిలింది.

ఆ రెండో ఉప్పెనకు కొద్ది ముందు, 1836లో, మిషనరీ ఆంథోనీ నోరిస్ గ్రోవ్స్ వెంట విలియం బౌడెన్, జార్జ్ బీర్ భార్యలతో సహా ఇంగ్లండు నుంచి వచ్చారు. తర్వాత నరసాపురం, పాలకొల్లు ప్రాంతాల్లో స్థిరపడ్డారు. బౌడెన్ రాతిపని మేస్త్రి, బీర్ చెప్పులు కుట్టేవాడు. చేతిపని తెలిసిన మనుషులు కావడం వల్లనేమో, కూలినాలి జనం మధ్య ఉండడం వాళ్లకు కష్టం కాలేదు. 1847లో ధవళేశ్వరం ఆనకట్ట పని మొదలై వేలమంది కూలీలు చేరినప్పుడు బౌడెన్ వాళ్ల మధ్యకే వెళ్లి బోధించాడు. వీళ్లు కాక, 1845లో రాజమండ్రిలో లూథరన్లు, 1874లో కాకినాడలో కెనడియన్ బాప్టిస్టులు పని మొదలుపెట్టారు.

ఈ మిషన్లు ఎక్కువగా వేళ్లూనింది మాల, మాదిగ పేటల్లో. మా వైపు ఊరు మెరక మీద ఉంటే పేట పల్లంలో ఉండేది. వరద ముందు పేటలోకే వచ్చేది. మట్టిగోడ నానితే కూలుతుంది, తాటాకు కప్పు గాలికి లేచిపోతుంది. పేటలో ఇటుక గోడలున్నది చాలాచోట్ల ప్రార్థన మందిరానికే. అందుకే గాలివాన రాత్రి పిల్లాజెల్లా అందరూ అక్కడికే చేరేవారు. తెల్లారాక ఏ ఇల్లు పడిందో, ఎవరికి వండుకునే దిక్కు లేదో తేల్చుకునేదీ అక్కడే. తర్వాత సంఘాల నుంచి ఇళ్లు కట్టే బృందాలు పుట్టడానికి మూలం ఇదే.

1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెన పదివేల మందిని మింగింది. అప్పుడు రామకృష్ణ మిషన్ మొదలుకొని ఎన్నో సంస్థలు అక్కడికి కదిలాయి. దేశ విభజన నాటి శరణార్థుల కోసం 1947లో చర్చిలు కలిసి పెట్టుకున్న కాసా వాటిలో ఒకటి. ఆ ఉప్పెన తర్వాతే కోస్తాలో తుపాను షెల్టర్ల కట్టడం ఊపందుకుంది. బియ్యం, బట్టలు పంచి వెనక్కి వస్తే చాలదని అందరికీ అర్థమైంది.

1996 నవంబరు 6, బుధవారం రాత్రి, కోనసీమ వంతు వచ్చింది. దీపావళికి ఇంకా నాలుగు రోజులుంది. వెయ్యిమందికి పైగా పోయారు. భైరవపాలెం, బలుసుతిప్ప వంటి పల్లెల్లో వేటకు వెళ్లిన మగవాళ్లు తిరిగి రాలేదు. లక్షలాది ఇళ్లు నేలమట్టమయ్యాయి. కొబ్బరి తోటలు పడుకున్నాయి.

మా వైపు సంఘాల ఆడవాళ్లు వండేటప్పుడల్లా గుప్పెడు చొప్పున దాచిన బియ్యం బస్తాలకెత్తారు. యవ్వనస్తులం రంపాలు, గొడ్డళ్లు, తాళ్లు పట్టుకుని నరసాపురం రేవులో పంటు ఎక్కి సఖినేటిపల్లిలో దిగాం. మొదట్లో మా పనంతా దారికడ్డం పడ్డ చెట్లు కొయ్యడమే. కళ్ల ముందు ఇన్ని మాన్లు పడి ఉంటే నిట్రాళ్లకు అవే వాడేద్దామన్నాం. మాతో వచ్చిన ముసలి వడ్రంగి ఒప్పుకోలేదు. "పచ్చి కొబ్బరికి చెద పడుతుంది బాబూ, ఇల్లు నిలవాలంటే చేవ తేలిన తాటిదూలం కావాలి" అన్నాడు. అరుగు మోకాలెత్తున మట్టితో లేపడం, వాసాలను చూరు దగ్గర దూలానికి తీగతో బిగించడం ఆయన నేర్పిందే. గాలి చూరు కింద దూరి కప్పు లేపుతుందని, అక్కడ కట్టు గట్టిగా ఉంటే ఇల్లు సగం దక్కినట్టేనని చెప్పేవాడు.

మా సంఘం పాస్టరు అయ్యగారు పెట్టిన నియమం ఒకటే. వీధి మొదటి ఇంటితో మొదలుపెట్టి చివరి ఇంటిదాకా వెళ్లాలి, నడుమ ఏ ఇల్లూ వదలకూడదు. గంగమ్మకు మొక్కే ఇల్లూ, ఆదివారం మందిరానికి వచ్చే ఇల్లూ ఒకే వరసలో లేచాయి. ఇంటివాళ్లూ మాతోపాటు మట్టి తొక్కారు, తాటాకు అందించారు. కొన్నిచోట్ల సంఘం రిజిస్టరు చూసి సాయం పంచినవాళ్లూ ఉన్నారు. పేరు అడిగి ఇచ్చిన సాయం ఊరిని రెండుగా చీలుస్తుందని నేను అప్పుడూ అన్నాను, ఇప్పుడూ అంటాను. సువార్తలో మంచి సమరయుడు దారిన పడి ఉన్నవాడి కులం అడగలేదు.

ఈ చరిత్రలో పరాయి దేశపు డబ్బు ఉంది, ప్రభుత్వం ఇచ్చిన సొమ్ము ఉంది. కానీ ఇళ్లను నిలబెట్టింది పక్క ఊరివాళ్ల చేతులు. ఎందుకంటే ఈ నేల ఎంత నానుతుందో, తాటిచెట్టు ఏ వయసులో చేవ తేలుతుందో వాళ్లకే తెలుసు.

సంఘాల్లోని యవ్వనస్తులకు నా మనవి ఇది. తుపాను వెలిసిన మొదటి వారం అందరూ వస్తారు. మీరు మూడో నెలలో వెళ్లండి, అప్పటికి టార్పాలిన్లు చిరిగి ఉంటాయి. వెళ్లేటప్పుడు ఒక మంచి మేస్త్రిని, ఒక వడ్రంగిని వెంట తీసుకెళ్లండి. వీధిలో ఏ ఇల్లూ వదలకండి.