మొదటి అక్షరములలో దాగిన పేర్లు

కరటక దమనకుల కథ వినని తెలుగు ఇల్లు అరుదు. చిన్నయసూరి 1853లో నీతిచంద్రికను వెలువరించిన నాటినుండి ఆ నక్కలు మన పాఠశాలలలో తిరుగుచునే యున్నవి. అంతకు 370 ఏండ్ల పూర్వమే అవి జర్మనీలోని ఊల్మ్ నగరమున అచ్చెక్కినవనిన వింతగా దోచవచ్చును.

ఆ పుస్తకము పేరు 'ప్రాచీన జ్ఞానుల దృష్టాంత గ్రంథము'. 1483లో లీన్‌హార్ట్ హోల్ అను ముద్రాపకుడు దానిని బొమ్మలతో ప్రకటించెను. గుటెన్‌బర్గు బైబిలు వెలువడి అప్పటికి ముప్పదియేండ్లైనను కాలేదు. కొయ్యపలకపై బొమ్మను కుడియెడమలుగా గీచి, గీతలను మాత్రము ఉబ్బెత్తుగా నిలిపి, తక్కిన కొయ్యను తొలచివేయుదురు. సిరాపూసి కాగితముపై ఒత్తగా చిత్రము పడును. అందలి సింహము, ఎద్దు మనకథలోనివే. కోటలు, ఉడుపులు మాత్రము ఆ దేశపువి.

మన కథ అంతదూర మెట్లు పోయెను? 6వ శతాబ్దిలో పారసీక ప్రభువు ఖుస్రూ ఆస్థానవైద్యుడు బుర్జోయ్ పంచతంత్రమును పహ్లవీ భాషలోనికి తెచ్చెను. ఆ గ్రంథము నశించినది. 8వ శతాబ్దిలో ఇబ్నుల్ ముకఫ్ఫా దానిని అరబ్బీ చేసెను. కరటక దమనకులు 'కలీలా, దిమ్నా' లైరి. అరబ్బీనుండి హీబ్రూ, హీబ్రూనుండి 13వ శతాబ్దిలో కాపువా వాసియగు జాన్ చేసిన లాటిను, లాటినునుండి జర్మను పుట్టినవి.

పాతపుస్తకములు సేకరించువారు పుటలు లెక్కింతురు, బొమ్మలన్నియు నున్నవో లేవో చూతురు. ఈ గ్రంథమున మరియొకటి చూడదగియున్నది. కొన్ని ప్రకరణముల మొదటి అక్షరములను వరుసగా కూర్చినచో వుర్టెంబర్గు ప్రభువు ఎబర్‌హార్ట్ పేరును, 'అత్తెంప్టో', అనగా 'సాహసింతును' అను ఆయన బిరుదవాక్యమును వెలువడును. 1477లో ట్యూబింగెన్ విశ్వవిద్యాలయమును స్థాపించిన ప్రభువీతడే. అనువాదకుడగు ఆంటన్ ఫాన్ ఫోర్ సైతము తన పేరును ఇట్లే అక్షరములలో దాచుకొనెను. ఒక్క పుట చిరిగినను ఒక అక్షరము పోవును, పేరు కుంటువడును.

పోషకుని పేరు దొరకినది. అనువాదకుని పేరు దొరకినది. విష్ణుశర్మ పేరు మాత్రము అందు ఏ అక్షరమునను లేదు. అరబ్బీలోనే ఆయన పీఠమును బిద్పాయి అను వేరొక జ్ఞాని యాక్రమించెను. 1859లో థియొడోర్ బెన్‌ఫే సంస్కృత పంచతంత్రమును జర్మనులోనికి అనువదించి, ఈ కథలు నడచివచ్చిన త్రోవను విపులముగా చూపెను. కథలు నిలిచినవి; చెప్పినవాని పేరు దారిలో జారిపోయినది.

కనుక అట్ట యూడినదని అటకమీది కథల పుస్తకమును తూకమునకు వేయబోవుముందు, ఒక్కమారు మొదటి పుట తిరుగవేసి చూడుడు.