చందాల మీద నిలిచిన తెలుగు బడి

హైదరాబాదు నారాయణగూడలోని మాడపాటి హనుమంతరావు బాలికోన్నత పాఠశాల నూరేళ్ల పండుగకు దగ్గర పడుతోంది. ఆ బడి గురించి రాసేవాళ్లు భాషాభిమానంతో మొదలుపెట్టి భాషాభిమానంతోనే ముగిస్తారు. అభిమానం ఉన్నమాట నిజమే గాని, 1928లో పుట్టిన తెలుగు బడిని సర్కారు గుర్తింపు లేకుండా నడపడానికి అదొక్కటే చాలదు. ఏ భాషలో చదువు చెప్పాలో చివరికి తేల్చేది ఖర్చు భరించేవాళ్లే. చందాలతో నడిచింది గనకే ఆ బడి తన భాషను తానే ఎంచుకోగలిగింది.

పెనుకొండ, ధర్మవరం వైపు వాళ్లకు నిజాం రాజ్యంలో తెలుగు బడికి ఎదురైన ఈ ఇబ్బంది వెంటనే తట్టదు. 1800లో నిజాం దత్తమండలాలను కంపెనీకి ధారాదత్తం చేయకపోయి ఉంటే చెన్నేకొత్తపల్లి పిల్లలూ ఉర్దూలోనే పాఠాలు వల్లెవేసేవాళ్లు. నిజాం రాజ్యంలో దాదాపు సగం మంది మాట్లాడేది తెలుగు. బడిలో, కచేరీలో నడిచేది ఉర్దూ. 1918లో మొదలైన ఉస్మానియా విశ్వవిద్యాలయం దేశభాషలో సైన్సు కూడా చెప్పవచ్చని నిరూపించింది, అందుకోసం అనువాద శాఖనే పెట్టింది. మెచ్చుకోదగ్గ పని. అయితే ఆ వాదం ఉర్దూ దగ్గరే ఆగిపోయింది. తెలుగు బడికి ఉస్మానియా గుర్తింపు దొరకలేదు.

నిజానికి ఈ కథ 1921 నవంబరులో మొదలైంది. హైదరాబాదులో కార్వే పండితుని అధ్యక్షతన సంఘ సంస్కార సభ జరుగుతోంది. ఇంగ్లీషు, ఉర్దూ, మరాఠీ ఉపన్యాసాలు సాఫీగా సాగాయి. ఆలంపల్లి వేంకటరామారావు తెలుగులో నోరు విప్పగానే ఈలలు, చప్పట్లు, వెక్కిరింతలు. తెలుగువాళ్లు లేచి వెళ్లిపోయి, ఆ రాత్రే టేకుమాల రంగారావు ఇంట్లో కూడి ఆంధ్ర జనసంఘం పెట్టుకున్నారు. మరాఠీవాళ్లకు 1907 నుంచే వివేకవర్ధిని అనే సొంత బడి ఉంది. తెలుగువాళ్లకు ఆపాటిది లేకపోవడమే అసలు లోటు. చిత్రమేమిటంటే, తర్వాత బాలికల బడికి ఆసరా దొరికింది ఆ కార్వే స్థాపించిన మహిళా విశ్వవిద్యాలయంలోనే. మాతృభాషలో బోధన దాని మూలసూత్రం.

ఇదంతా పట్నంలో వకీళ్లు, కలిగినవాళ్లు తమ ఆడపిల్లల కోసం చేసుకున్న ఏర్పాటేనని ఆక్షేపించేవాళ్లున్నారు. చాలావరకు ఒప్పుకోవలసిందే, పల్లెలో పాలేరు కూతురికి ఆ గేటు చాలా దూరం. అయినా బాలికల బడితోనే ఎందుకు మొదలుపెట్టారన్నది ఆలోచించాలి. మగపిల్లవాడి చదువంటే సర్కారీ నౌకరీ, నౌకరీ అంటే ఉర్దూ. ఆడపిల్ల చదువులో ఆ లెక్క లేదు గనక అక్కడ తెలుగుకు చోటు దొరికిందని నా అంచనా. గొప్పగా చెప్పుకోదగ్గ కారణం కాదు గాని, కాదనలేనిది.

ఇప్పుడు తల్లిదండ్రులే ఇంగ్లీషు అడుగుతున్నారు, పాత బడి ముచ్చట ఎందుకంటారా? ఆనాటి పేచీ అధికారులతో, ఈనాటిది డబ్బు కట్టే తల్లిదండ్రులతోనే. 2019లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సర్కారు బడుల్లో ఒకటి నుంచి ఆరో తరగతి దాకా ఇంగ్లీషు మీడియం తప్పనిసరి చేస్తూ జీవోలు ఇచ్చింది. 2020 ఏప్రిల్లో హైకోర్టు వాటిని కొట్టేసింది. హిందూపురంలో, ధర్మవరంలో ఫీజు కట్టి మరీ ప్రైవేటు ఇంగ్లీషు బడికి పంపే ఇళ్లకు ఆ తీర్పుతో పనే పడలేదు.