నాగజెముడు పొదల్లో నాగళ్ళ కార్ఖానా

పొలం బావి దగ్గర మోటారు పంపు మీద 'కిర్లోస్కర్' అన్న పేరు మీలో చాలామంది చూసే ఉంటారు. అది ఒక కుటుంబం ఇంటిపేరు. ఆ ఇంటిపేరుతో మహారాష్ట్రలో ఒక ఊరుంది, ఆ ఊరికో రైల్వే స్టేషనూ ఉంది. సాంగ్లీ జిల్లాలో కిర్లోస్కర్‌వాడి. అక్కడి కార్ఖానా కథ ఇవాళ చెప్పుకుందాం, అక్కయ్యలూ, చెల్లెళ్ళూ!

లక్ష్మణరావు కిర్లోస్కర్ 1869లో బెల్గాం దగ్గర గుర్లహోసూరులో పుట్టారు. చిన్నప్పట్నుంచీ ఆయనకు రెండే సరదాలు. ఒకటి బొమ్మలు వెయ్యడం, రెండోది యంత్రాలు విప్పి చూడడం. బొంబాయి వెళ్ళి జె.జె. స్కూల్లో చిత్రలేఖనంలో చేరారు. తీరా చేరాక, కొన్ని రంగుల తేడా ఆయన కళ్ళకు ఆనదని బయటపడింది. మనకు చీర రంగు ఒక పిసరు తేడా వస్తేనే ప్రాణం గిలగిల్లాడుతుంది, చిత్రకారుడి సంగతి చెప్పాలా? కుంచె పక్కన పెట్టి యంత్రాల బొమ్మలు గీయడం నేర్చుకున్నారు. విక్టోరియా జూబిలీ సాంకేతిక విద్యాలయంలో పంతులుగా కుదిరారు. అన్నగారు రామూఅన్న బెల్గాంలో ఉండేవారు. 1888లో అన్నదమ్ములిద్దరూ కలిసి అక్కడ సైకిళ్ళ వ్యాపారం మొదలుపెట్టారు. తర్వాత బొంబాయిలో తనకు రావలసిన ప్రమోషను మరొకరికి ఇచ్చారని లక్ష్మణరావుగారు ఉద్యోగానికి స్వస్తి చెప్పి అన్నగారి దగ్గరికే వచ్చేశారు.

సైకిళ్ళతో ఆయన మనసు తృప్తి పడలేదు. పశువుల మేత ముక్కలు చేసే యంత్రం తయారు చేశారు. దాని తర్వాత ఇనప నాగలి. మామూలు కర్ర నాగలి నేలను గీరుకుంటూ పోతుంది. ఇనప నాగలి అయితే లోతుగా దిగి మట్టిని తిరగేస్తుంది, కలుపు వేళ్ళు పైకొస్తాయి. కానీ రైతులు కొనందే? ఇనుము తగిలితే భూమి విషమైపోతుందని వాళ్ళ భయం. కర్ర నాగలికి మాత్రం కర్రు ఇనపది కాదా అని మనకు నవ్వొస్తుంది. కానీ ఏడాది పంట పోతే ఇంటిల్లిపాదీ పస్తులుండాల్సిన మనిషి కొత్త వస్తువును అనుమానంగానే చూస్తాడు. అందులో నాకు తప్పేమీ కనిపించదు. మొదటి నాగళ్ళు అమ్మడానికి రెండేళ్ళు పట్టిందట.

అమ్మకాలు కాస్త పుంజుకునే వేళకి మరో చిక్కు వచ్చిపడింది. బెల్గాంలో కార్ఖానా ఉన్న జాగా ఖాళీ చెయ్యమని పురపాలక సంఘం వారు చెప్పారు. అప్పుడు ఆదుకున్నవారు ఔంధ్ అనే చిన్న సంస్థానానికి రాజు, బాలాసాహెబ్ పంత్ ప్రతినిధి. సూర్య నమస్కారాలను దేశమంతా ప్రచారం చేసింది ఈయనే. ఆయన కుండల్ రోడ్డు స్టేషను దగ్గర 32 ఎకరాల భూమి, వడ్డీ లేకుండా 10,000 రూపాయల అప్పు ఇచ్చారు.

భూమి అంటే ఏం భూమి! నీళ్ళు లేవు, నీడ లేదు. ఎటు చూసినా నాగజెముడు పొదలు, వాటి నిండా పాములు. 1910 మార్చిలో పాతిక మంది పనివాళ్ళు కుటుంబాలతో సహా అక్కడ దిగారు. కార్ఖానా కట్టిన మగవాళ్ళ పేర్లు చరిత్రలో దొరుకుతాయి గానీ, ఆ పొదల మధ్య మూడు రాళ్ళు పెట్టి వంట చేసి, పసిపిల్లల్ని పాముల బారి నుంచి కాచుకున్న ఇల్లాళ్ళ పేర్లు ఎవరు రాశారు? రామూఅన్న ఇళ్ళూ వీధులూ చూసుకుంటే, లక్ష్మణరావుగారు కొలిమీ యంత్రాలూ చూసుకున్నారు. జైలుకెళ్ళి వచ్చిన వాళ్ళని ఆయన కాపలా పనిలో పెట్టుకున్నారు. వాళ్ళు నమ్మకంగా పనిచేశారని చెబుతారు.

1914లో మొదటి ప్రపంచ యుద్ధం వచ్చి పై దేశాల ఇనుము ఆగిపోయింది. అప్పుడు కొల్హాపూరు మహారాజు తన కోటల్లో పడి ఉన్న పాత ఫిరంగులు ఇప్పించారట. వాటిని కరిగించి నాగళ్ళు పోశారు. నాగళ్ళతో పాటు చెరకు గానుగలూ, వేరుసెనగ కాయలు ఒలిచే యంత్రాలూ తయారయ్యాయి. కాయలు ఒలిచి ఒలిచి వేళ్ళు పుళ్ళు పడ్డ ఆడవాళ్ళకు ఆ యంత్రం విలువ వేరే చెప్పనక్కర్లేదు. 1920లో సంస్థ లిమిటెడ్ కంపెనీ అయింది. 1926 నుంచి పంపులు కూడా చేశారు.

ఆ ఊళ్ళో ఒక అచ్చాఫీసు కూడా పెట్టారు. లక్ష్మణరావుగారి అన్న కొడుకు శంకర్రావు 1920లో కార్ఖానా సమాచారం కోసం ఒక పత్రిక మొదలుపెట్టారు. 1930లో అక్కడి నుంచే 'స్త్రీ' అనే మరాఠీ మాసపత్రిక వచ్చింది. ఆడపిల్లల చదువు, వితంతు వివాహం, ఇంట్లో ఆడదాని మాటకు విలువ - ఇవన్నీ అందులో రాసేవారు. ఒక పక్క నాగళ్ళు పోస్తూ, ఇంకో పక్క ఆడవాళ్ళ పత్రిక వేసిన కార్ఖానా మరొకటి ఉందేమో నాకైతే తెలియదు.

1948 జనవరి 30న గాంధీగారిని చంపేశారు. హంతకుడు మహారాష్ట్ర బ్రాహ్మణుడని తెలియగానే ఆ ప్రాంతంలో ఆ కులం వాళ్ళ ఇళ్ళ మీద గుంపులు పడ్డాయి. కిర్లోస్కర్‌వాడి కార్ఖానాకీ నిప్పు పెట్టారు. గాంధీగారికీ ఆ కొలిమికీ శత్రుత్వం ఏముంది చెప్పండి! ఎందరెందరో రైతులకు పనిముట్లు ఇచ్చిన చోటు అది. లక్ష్మణరావుగారికి అప్పటికి 78 ఏళ్ళు. ముప్ఫై ఎనిమిదేళ్ళ కష్టం కాలిపోయింది. అయినా ఊరు వదలలేదు, కార్ఖానా మళ్ళీ లేచింది. 1956లో ఆయన పోయే నాటికి పని సాగుతూనే ఉంది. 1969లో ఆయన శతజయంతికి ప్రభుత్వం తపాలా బిళ్ళ వేసింది.

ఇప్పుడు పొలాల్లో ట్రాక్టర్లు తిరుగుతున్నాయి. కిర్లోస్కర్‌వాడిలో పంపుల తయారీ మాత్రం ఆగలేదు. ఆనాటి కుండల్ రోడ్డు స్టేషను పేరు కూడా మారిపోయింది. ఇప్పుడు బోర్డు మీద కిర్లోస్కర్‌వాడి అనే ఉంటుంది.