ఏ ఖర్చుకు ఏ నిధి? బ్రిటన్ సామాజిక ఆటస్థలాల ఆర్థిక మనుగడ

ఉపోద్ఘాతం

నాజీల ఆక్రమణలో ఉన్న డెన్మార్క్‌లో 1943లో ఒక కొత్త తరహా ఆటస్థలం వెలిసింది. కోపెన్‌హాగన్ శివారు ఎమ్‌డ్రుప్‌లోని ఆ స్థలంలో పిల్లలు పాత చెక్కలు, ఇటుకలు, తాళ్లతో తమకు నచ్చింది కట్టుకునేవారు. 1946లో దాన్ని చూసివచ్చిన బాలల సంక్షేమ ఉద్యమకారిణి లేడీ అలెన్, బాంబులు పడి ఖాళీ అయిన స్థలాల్లో అలాంటివి ఏర్పాటు చేయాలని బ్రిటన్‌లో ప్రచారం చేశారు. అలా పుట్టిన అడ్వెంచర్ ప్లేగ్రౌండ్ల పద్ధతి మూడు స్వేచ్ఛల మీద ఆధారపడింది: ప్రవేశం ఉచితం, పిల్లలు ఎప్పుడైనా రావచ్చు, పోవచ్చు, ఏం ఆడాలో వాళ్లదే నిర్ణయం. ఇలాంటి సేవను ఆర్థికంగా నిలబెట్టేది ప్రవేశ రుసుము కాదనీ, ఏ ఖర్చును ఏ నిధి భరించాలో ముందే తేల్చుకోవడమనీ ఈ వ్యాసం వాదిస్తుంది.

ఖర్చు స్వరూపం

ఇక్కడి ఆట సరంజామాలో చాలావరకు ఎవరో ఇచ్చిన పాత సామానే. అసలు భారం జీతాలది. గేటు తెరవకముందే పొడుచుకొచ్చిన మేకులను, వదులైన తాళ్లను సరిచేయాలి. పిల్లవాడు రంపం పట్టుకున్నప్పుడు అడ్డుపడకుండా, కంటికి దూరం కానీయకుండా ఉండాలి. ఇవన్నీ ప్లేవర్కర్ల పనులు. వాళ్లు లేకపోతే ఆ స్థలానికి తాళమే.

దాతలు, ప్రభుత్వాలు మాత్రం కంటికి కనిపించే నిర్మాణాల వైపే మొగ్గుతాయి. 2008లో ఇంగ్లండ్ ప్రకటించిన ఆట వ్యూహానికి 23.5 కోట్ల పౌండ్లు కేటాయించారు. 3,500 దాకా ఆటస్థలాల అభివృద్ధి, 30 కొత్త అడ్వెంచర్ ప్లేగ్రౌండ్లు దాని లక్ష్యం. 2010లో ప్రభుత్వం మారాక ఆ వ్యూహం అటకెక్కింది. ఒక్కసారి వచ్చే సొమ్ముతో కట్టడాలు లేస్తాయి; నెలనెలా జీతాలకు వేరే ఆదరువు కావాలి.

రుసుము వల్ల ఏమవుతుంది

2011లో లండన్‌లోని వాండ్స్‌వర్త్ కౌన్సిల్, బాటర్‌సీ పార్కు అడ్వెంచర్ ప్లేగ్రౌండ్‌లో వారాంతాల్లో పిల్లలకు రెండున్నర పౌండ్ల రుసుము ప్రతిపాదించింది. నిరసన చెలరేగింది. చివరకు ఆ నిర్మాణాలను కూల్చి, సిబ్బంది అక్కర్లేని ఆట పరికరాలు అమర్చారు. రుసుము పెడితే మొదట దూరమయ్యేది ఆ సేవ అత్యవసరమైన పిల్లలే. పైగా డబ్బు కట్టిన తల్లిదండ్రులు పిల్లల బాధ్యత అప్పగించామనుకుంటారు. ఇష్టమొచ్చినప్పుడు వెళ్లిపోయే స్వేచ్ఛ అక్కడితో సరి. సేవ డే కేర్‌గా మారిపోతుంది.

ప్రత్యామ్నాయాలు, వాటి పరిమితులు

బడివేళల్లో ఆటస్థలం ఖాళీగా ఉంటుంది. ఆ సమయాన్ని పాఠశాలలకు, పసిపిల్లల బృందాలకు, శిక్షణ తరగతులకు అద్దెకివ్వవచ్చు. 2021 నుంచి ఇంగ్లండ్ అంతటా అమలైన సెలవుల కార్యకలాపాలు, భోజన పథకం మరో ఆదాయ మార్గం. కానీ అది ప్రధానంగా బడిలో ఉచిత భోజనానికి అర్హులైన పిల్లల కోసం. అర్హులను గుర్తించాలంటే పేర్లు నమోదు చేయాలి; అందరికీ గేటు తెరిచే పద్ధతితో ఆ షరతుకు పొసగదు. అందుకే దీన్ని అదనపు ఆదాయంగానే లెక్కించాలి.

వేల్స్ చట్టపరమైన దారి పట్టింది. 2010 నాటి చట్టం కింద స్థానిక సంస్థలు తమ ప్రాంతంలో పిల్లలకు తగినన్ని ఆట అవకాశాలున్నాయో లేదో అంచనా వేయాలి. 2014 నుంచి, ఆచరణ సాధ్యమైనంత మేర వాటిని కల్పించాలి కూడా. బడ్జెట్ కోత వచ్చినప్పుడు ‘ఆచరణ సాధ్యమైనంత మేర’ అన్న మాటే మినహాయింపుకు దారి ఇస్తుంది. అయినా లోటు ఎక్కడుందో అధికారికంగా నమోదవుతుంది గనుక, నిధులు అడిగేవారికి ఆధారం దొరుకుతుంది.

ముగింపు

కనీస సిబ్బంది జీతాలకు స్థానిక సంస్థతో బహుళ సంవత్సరాల ఒప్పందం ఉండాలి. అద్దెలు, విరాళాలు మరమ్మతులకూ అత్యవసర నిల్వకూ వెళ్లాలి. ప్రాజెక్టు గ్రాంటు కొత్త పనులకే పరిమితం కావాలి. గ్రాంటు ఆగిన నెలలో జీతాలు ఆగే సంస్థ, ఆ గ్రాంటు ఎంత పెద్దదైనా, నిలదొక్కుకున్నట్టు కాదు. కాబట్టి నిధుల దరఖాస్తును పరిశీలించేవారు ఏం కడతారన్న ప్రశ్నకు ముందు, మూడో ఏట ప్లేవర్కర్ జీతం ఎవరిస్తారని అడగాలి.